కొమ్మ నాటే ముందు డబ్బాలో ఏం నింపాలి?

నాటిన కొమ్మ చచ్చిపోతే చాలామంది "ఎండిపోయింది" అనేసి ఊరుకుంటారు. ఈసారి పారేసే ముందు దాన్ని పీకి చూడండి. పైన ఎండినట్టు కనిపించే కొమ్మ చాలాసార్లు కింద నల్లగా, మెత్తగా, వాసన కొడుతూ ఉంటుంది. అంటే అది నీళ్లు లేక చావలేదు, నీళ్లు ఎక్కువై ఊపిరాడక చచ్చింది. అడుగు కుళ్లిపోయాక పైకి నీళ్లు ఎక్కవు, అందుకే ఆకులు వాడిపోతాయి, మనమేమో అయ్యో ఎండుతోంది అని ఇంకో చెంబు పోస్తాం.

ఇది తెలుసుకోవడానికి నాకు 40 గులాబీ కొమ్మలు ఖర్చయ్యాయి. హనుమకొండలో మా డాబా మీద, సరిగ్గా ముసురు పట్టిన రోజుల్లో, ఊరి నుంచి బస్తాలో తెప్పించిన నల్లరేగడి సగం, మాగిన పేడ ఎరువు సగం కలిపి, బలమైన మట్టి కదా అని కవర్ల నిండా కూరి నాటాను. పది రోజులకు అన్నీ చిగురేశాయి. ఫొటోలు తీసి చుట్టాలందరికీ పంపించాను కూడా. మూడో వారం నుంచి ఒక్కొక్కటే నల్లబడటం మొదలై నెల తిరిగేసరికి ఒక్కటీ మిగల్లేదు. చిగురు చూసి మోసపోకండి, కొమ్మలో దాచుకున్న శక్తితోనే చిగురు వచ్చేస్తుంది, కింద వేరు వచ్చిందని దానికి అర్థం కాదు.

దీనికి పూర్తిగా వ్యతిరేకంగా, మా అమ్మమ్మ ఏ లెక్కా లేకుండా మందారం కొమ్మలు బతికించేది. ఎండాకాలం మంచినీళ్ల రంజన్, అంటే మట్టి కుండ, కింద ఇసుక పోసి పెడతారు చూడండి, నీడలో, వసారాలో ఒక మూల, ఆ ఇసుకలో గుచ్చేది, అంతే. రంజన్ నుంచి చెమ్మ దిగుతూ ఉంటుంది కాబట్టి ఇసుక ఎప్పుడూ తడిగానే ఉంటుంది గానీ నీళ్లు మాత్రం నిలవవు. ఎరువు లేదు, మందు లేదు. మనం ఇప్పుడు డబ్బాలో తయారు చేయబోయేది ఆ రంజన్ కింది ఇసుకనే.

ముందు ఒక్క విషయం బుర్రకెక్కించుకోండి

వేర్లు లేని కొమ్మ తిండి తినలేదు. ఎరువు వేస్తే తీసుకునే నోరే దానికి ఇంకా రాలేదు. దానికి కావలసింది అడుగున చెమ్మ, చెమ్మతో పాటు గాలి, కదలకుండా పట్టుకునే ఆధారం, కుళ్లు పుట్టించే బూజు లేని శుభ్రమైన చోటు. ఇందులో గాలి గురించే మనం పట్టించుకోం. కోసిన చోట కొత్త కణాలు పుట్టి, గట్టిపడి, వేర్లుగా మారాలంటే ఆక్సిజన్ కావాలి. గాలిలో కదిలినంత సులువుగా ఆక్సిజన్ నీళ్లలో కదల్లేదు, సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా కదులుతుంది. మట్టి రేణువుల మధ్య సందులన్నీ నీళ్లతో నిండిపోతే కొమ్మ అడుగుకు అందేది దాదాపు ఏమీ ఉండదు. రేగడిలో జరిగేది అదే. దాని రేణువులు మరీ సన్నం, తడిస్తే ఉబ్బి సందులు మూసుకుపోతాయి, ఎండితే నెర్రెలు బారి అప్పుడే వచ్చిన లేత వేర్లను తెంపేస్తాయి. పత్తికి అది బంగారం, కొమ్మకు మాత్రం వద్దు.

నర్సరీ వాళ్లు ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు సమానంగా కలుపుతారు కదా అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. నిజమే, కానీ అది వేర్లు వచ్చిన మొక్కలను పెంచడానికి కలిపేది. దాన్నే కొమ్మలకు వాడటం వల్లే సగం ఇళ్లలో కొమ్మలు పోతున్నాయని నా అనుమానం.

మొదటి పని: మీ చెయ్యి ఎలాంటిదో చూసుకోండి

ఏది మంచి మిశ్రమం అని అడిగే ముందు మీరు నీళ్లు ఎలా పోస్తారో నిజాయితీగా ఒప్పుకోండి. పొద్దునా సాయంత్రం మగ్గు పట్టుకుని డాబా ఎక్కి, తడిగా ఉన్నదానికి కూడా "పాపం" అని పోసే చెయ్యి అయితే మీకు ఇసుక ఎక్కువ ఉన్న మిశ్రమం కావాలి, ఎంత పోసినా కిందికి జారిపోతుంది. ఆఫీసు, పిల్లల బడి, పెళ్లిళ్లు అంటూ రెండు రోజులకోసారి గుర్తొచ్చే చెయ్యి అయితే కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొడి, పాలు పెంచాలి. నేను మొదటి రకం. నాకు కోకోపీట్ ఒక్కటే ఇస్తే ఏ కొమ్మనైనా వారంలో ముంచేస్తాను.

తర్వాత కాలం. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఎండ 43, 44 డిగ్రీలు దాటే రోజుల్లో డాబా మీద ఇసుక డబ్బా మధ్యాహ్నానికే పొడిపొడిగా అయిపోతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, అందులో లేత కొమ్మ ఎంత. నన్నడిగితే ఆ రెండు నెలలు కొమ్మలు నాటడం మానేసి ఇసుక కడిగి ఎండబెట్టుకోవడం మేలు, అది కింద చెప్తాను. మృగశిర కార్తె దాటి రెండు వానలు పడ్డాక మొదలుపెట్టండి. ఆషాఢం, శ్రావణంలో గాలిలో తేమ ఉంటుంది కాబట్టి కొమ్మ పైనుంచి ఎండదు, కాకపోతే ముసురు పట్టిందంటే కోకోపీట్ వారమైనా ఆరదు, అందుకని వానాకాలం ఇసుక పాలు పెంచాలి. డిసెంబర్ చలిలో అడుగు చల్లబడి వేర్లు ఆలస్యం అవుతాయి, ఫిబ్రవరి మళ్లీ మంచి కాలం.

రెండో పని: ఏమేం దొరుకుతాయో చూసి మంచివి ఏరుకోవడం

ఇసుకతో మొదలుపెడదాం, ఎందుకంటే ఇది అందరికీ దొరుకుతుంది, అందరూ తప్పుగా తెచ్చుకునేది కూడా ఇదే. మనకు కావలసింది దొడ్డు ఇసుక, వాగు ఇసుక, ఆకేరు ఇసుకో మానేరు ఇసుకో ఏదైనా సరే. గోడలకు పూత పూసే సన్న ఇసుక పనికిరాదు, అది తడిస్తే మట్టిలాగే ముద్దకడుతుంది. ఇడ్లీ రవ్వకు నువ్వు గింజకు మధ్య సైజు, అంటే 1 నుంచి 3 మిల్లీమీటర్ల పలుకులు ఉండాలి. పక్కన ఇల్లు కడుతుంటే మేస్త్రీని అడిగి ఒక బస్తా తెచ్చుకోండి, పూతకు జల్లెడ పట్టగా పైన మిగిలే దొడ్డు పలుకు వాళ్లకు పనికిరాదు, మనకు అదే కావాలి. అందులో ఉన్న పెద్ద గులకరాళ్లు ఏరేస్తే చాలు.

తెచ్చిన ఇసుకను ఒక సీసాలో మూడో వంతు పోసి, నిండా నీళ్లు పోసి, గట్టిగా ఊపి, పక్కన పెట్టండి. ఇసుక వెంటనే దిగుతుంది. ఒక గంట తర్వాత దాని మీద బురద పొర కనిపిస్తుంది. ఆ పొర ఎంత మందంగా ఉంటే మీకు కడిగే పని అంత ఎక్కువ. బియ్యం కడిగినట్టే బకెట్లో వేసి చేత్తో కలుపుతూ, మురికి నీళ్లు వంచేస్తూ, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. నాలుగైదు సార్లు పడుతుంది. విసుగొస్తుంది, తెలుసు. ఆ మురికి నీళ్లు మాత్రం నల్లా కింద జాలీలోకి పోయకండి, పైపు పూడుకుపోతే ఇంట్లో తిట్లు తినేది మీరే.

వాగు ఇసుక దొరకనప్పుడు రోబో సాండ్. కరీంనగర్ వైపు గ్రానైట్ క్వారీలు, క్రషర్లు ఉండటం వల్ల ఇది సులువుగానే దొరుకుతుంది. రాయిని దంచి చేసింది కాబట్టి పలుకులు కోసుగా ఉంటాయి, కొమ్మను బాగానే పట్టుకుంటాయి. చిక్కల్లా అందులోని పొడితోనే, కడగకుండా వాడితే నాలుగు తడుపులకు సిమెంటులా గట్టిపడుతుంది. జల్లెడ పట్టి, కడిగి వాడితే వాగు ఇసుకకు ఏమీ తీసిపోదు. క్రషర్ డస్ట్ అని విడిగా అమ్మేది మాత్రం ఊరికే ఇచ్చినా వద్దు.

ఒట్టి ఇసుకలో ఒక లోపం ఉంది. నీళ్లు పట్టి ఉంచదు, పైగా అందులో వచ్చే వేర్లు పొడుగ్గా, కొమ్మలు లేకుండా, పెళుసుగా ఉంటాయి, మార్చేటప్పుడు పుటుక్కున తెగుతాయి. అందుకే దానికి తోడు కావాలి.

ఆ తోడు చాలావరకు కోకోపీట్. కొబ్బరి పీచు తీయగా మిగిలిన పొడి, ఇటుకల్లా నొక్కి అమ్ముతారు, 5 కిలోల దిమ్మ నానబెడితే సుమారు 70 లీటర్లు అవుతుంది, అంటే డాబా మీద ఉన్న టబ్బులన్నీ నిండుతాయి, కాబట్టి మొదటిసారి చిన్న ఇటుకే కొనండి. కొబ్బరి తీరప్రాంతం పంట, పీచును ఉప్పు నీళ్లలో నానబెట్టే చోట్ల ఆ ఉప్పంతా పొడిలోకి ఎక్కుతుంది. ఉప్పు ఉంటే కొమ్మ నీళ్లు తాగడం పోయి, కొమ్మలోని నీళ్లే బయటికి లాగేస్తుంది. నేనొకసారి చవగ్గా వచ్చిందని ఒక దుకాణంలో తెచ్చిన దిమ్మను అలాగే నానబెట్టి వాడేశాను, రెండు వారాలకు డబ్బాల పైన తెల్లటి పొక్కు కట్టింది, చామంతి కొమ్మల అంచులు మాడినట్టు అయ్యాయి. అప్పటి నుంచి ఏ కంపెనీది తెచ్చినా, కవరు మీద కడిగినది అని రాసి ఉన్నా, నానబెట్టి, పాత చున్నీలో వేసి పిండి, మళ్లీ నానబెట్టి, అలా మూడుసార్లు చేస్తాను. మొదటి నీళ్లు డికాషన్ రంగులో వస్తాయి, మూడోసారికి పలచని టీ అంత అవుతుంది. మీ ఇంట్లో మంచినీళ్ల ఫిల్టర్ కోసం కొన్న టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలు కొలిచేది) ఉంటే పిండిన నీళ్లలో ముంచి చూడండి, మీరు పోసిన నీళ్ల అంకెకు దగ్గరగా వస్తే చాలు.

కోకోపీట్ మోసం ఇంకొకటుంది, పైన ఆరిపోయి లేత గోధుమ రంగులో కనిపిస్తుంది, లోపల మాత్రం తడి ముద్దలా ఉంటుంది. చూసి నీళ్లు పోయకండి, వేలు గుచ్చి చూసి పోయండి.

మన ప్రాంతం వాళ్లకు ఒక వరం ఉంది, అది ఊక. మా ఊళ్లో ఉనుక అంటారు. వరంగల్, కరీంనగర్, పెద్దపల్లి ఎటు పోయినా రైస్ మిల్లులే. పచ్చి ఊక వాడకూడదు, అందులో మిగిలిన వడ్లు మొలుస్తాయి, మురుగుతున్నప్పుడు వేడి పుడుతుంది. కావలసింది నల్లగా కాలిన ఊక, బూడిద కాకుండా బొగ్గు దశలో ఆగినది. మిల్లు బాయిలర్ దగ్గర గుట్టలు పోసి ఉండేదాంట్లో రెండూ కలిసి ఉంటాయి. పిడికెడు తీసుకుని వేళ్ల మధ్య నలపండి, గింజ ఆకారం నిలిచి ఉండి నల్లగా గరగరలాడితే మంచిది, తెల్లగా పౌడర్‌లా జారిపోతే అది బూడిద, వదిలేయండి. బూడిదకు క్షారగుణం ఉంటుంది, పైగా సందులన్నీ పూడ్చేస్తుంది. నల్ల ఊకను కూడా ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి వాడండి. ఇంట్లోనే చేసుకోవాలంటే, పాత నూనె డబ్బాకు చుట్టూ మేకుతో చిల్లులు పొడిచి, లోపల నిప్పు రాజేసి, దాని చుట్టూ ఊక కుప్ప పోస్తే లోపలి నుంచి బయటికి నల్లబడుతూ వస్తుంది, మొత్తం నల్లబడగానే నీళ్లు చల్లి ఆర్పేయాలి, ఒక అరగంట ఏమరితే బూడిదే మిగులుతుంది. పొగ బాగా వస్తుంది, కాలనీల్లో చేయకండి, ఊళ్లో పొలం దగ్గర చేసుకోండి.

పెర్లైట్ అని తెల్లటి తేలికైన గుళికలు ఆన్‌లైన్‌లో, పెద్ద నర్సరీల్లో దొరుకుతాయి. అగ్నిపర్వతపు గాజు రాయిని బాగా కాల్చితే లోపలి నీరు ఆవిరై, రాయి మక్క పేలాల్లా ఉబ్బుతుంది. మన రామప్ప గుడి శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్ల మీద తేలతాయని బడి పిల్లలు కూడా చెప్తారు కదా, ఒళ్లంతా సందులు, సందుల్లో గాలి, కిటుకు అక్కడా ఇక్కడా అదే. పెర్లైట్ మంచి సరుకే, డబ్బులు ఎక్కువ. దుమ్ము ముక్కులోకి పోతుంది, సంచి విప్పగానే కొంచెం నీళ్లు చిలకరించి, మూతికి గుడ్డ కట్టుకుని వాడండి. నల్ల ఊక దొరికితే పెర్లైట్ కోసం పరుగెత్తాల్సిన పనిలేదని నా అభిప్రాయం. వర్మిక్యులైట్ అనే ఉబ్బిన ఖనిజపు పలుకులు నీళ్లు ఎక్కువ పట్టి ఉంచుతాయి, విత్తనాలకు బాగుంటాయి, మన వానాకాలం కొమ్మలకు అవసరం లేదు.

చెల్క మట్టి, అంటే ఎర్రమట్టి, ముదురు కొమ్మలకు కొద్దిగా కలపొచ్చు, నాలుగు పాళ్లలో ఒక పాలు మించకుండా. బరువు ఉంటుంది కాబట్టి పెద్ద కొమ్మ ఊగకుండా నిలబడుతుంది. కానీ చెదలు చూసుకోవాలి, చచ్చిన కట్టె అనుకుని కింది నుంచి తినేస్తాయి. పుట్టమన్ను పవిత్రం, మంచిదే, కానీ అది మరీ మెత్తటి బంక, డబ్బాలో వద్దు. పేడ ఎరువు, వర్మీ కంపోస్ట్, కిచెన్ కంపోస్ట్, వేప పిండి, ఇవేవీ వేరు వచ్చేదాకా దగ్గరికి రానీయకండి. పెద్దవాళ్లు కొమ్మ పై కొనకు పేడ ముద్ద పెడతారు, అది పై కోత నుంచి తడి ఆరిపోకుండా, దానితో తగువు లేదు. కింద మాత్రం పెట్టకూడదు.

మూడో పని: శుభ్రం చేయడం

కడిగిన ఇసుకలో కూడా బూజు విత్తనాలు ఉంటాయి. ఎండాకాలంలో తెచ్చిపెట్టుకున్నవాళ్లకు సులువు, తడి ఇసుకను పలచగా పరిచి, పారదర్శకంగా ఉండే పాలిథిన్ కవరులో గాలి పోకుండా చుట్టి, డాబా మీద నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేయండి. నల్ల కవరు కాదు, తెల్లటిదే, ఎండ లోపలికి దిగాలి. మన మే ఎండను తిట్టుకోవడమే గానీ వాడుకునే పని ఇదొక్కటి ఉంది. అంత టైం లేనివాళ్లు టబ్బులో మిశ్రమం వేసి సలసల కాగే నీళ్లు తడిసేదాకా పోసి, మూత పెట్టి, చల్లారాక నీళ్లు వంచేస్తే చాలావరకు సరిపోతుంది. పాత డబ్బాలు కూడా సబ్బుతో కడిగి ఎండలో పెట్టండి, పోయినసారి కొమ్మ కుళ్లిన డబ్బా అయితే మరీను.

నాలుగో పని: ఏ కొమ్మకు ఏ పాళ్లు

కొలతకు ఒకే గ్లాసు వాడండి, బరువు లెక్క కాదు.

గులాబీ, మందారం, మల్లె, నందివర్ధనం, నూరు వరహాలు, ఇవి మన ఇళ్లలో ఎక్కువగా అడిగేవి, మరీ లేత కాకుండా మరీ ముదరకుండా పెన్సిల్ మందం కొమ్మలు తీసుకుంటాం. వానాకాలంలో ఇసుక రెండు గ్లాసులు, కోకోపీట్ ఒక గ్లాసు. ఫిబ్రవరిలో అయితే సమానంగా. నల్ల ఊక ఉంటే ఇసుకలో సగం తగ్గించి అది వేయండి, డబ్బా తేలికవుతుంది, వేర్లు కూడా గుబురుగా వస్తాయి. నేను మాత్రం గులాబీకి ఎప్పుడూ ఈ మూడింటి కలయికే వాడతాను.

చామంతి, తులసి, కోలియస్, వాము ఆకు లాంటి లేత కాడలకు బరువైన ఇసుక అక్కర్లేదు, కోకోపీట్ ఒకటి, నల్ల ఊక లేదా పెర్లైట్ ఒకటి. ఇవి తొందరగా వేళ్లూనుతాయి, తొందరగా కుళ్లుతాయి కూడా.

కాగితం పూలు, దానిమ్మ, అంజీర్ లాంటి ముదురు కొమ్మలు వేర్లకు నెలకు పైనే తీసుకుంటాయి, అన్ని రోజులు తడిలో ఉండాలి కాబట్టి గాలి ఇంకా ఎక్కువ కావాలి. ఇసుక మూడు, కోకోపీట్ ఒకటి.

దేవగన్నేరు, జెముడు జాతి, ముళ్ల కిరీటం, కోస్తే పాలు కారేవి, కండ ఉన్నవి వేరే దారి. కోసిన వెంటనే నాటకండి, నీడలో నాలుగు రోజుల నుంచి వారం దాకా పడేసి కోత మీద పొర కట్టనివ్వండి, తర్వాత ఒట్టి దొడ్డు ఇసుకలో, ఇటుక ముక్కలు నూరి కలిపితే ఇంకా మంచిది. నాటాక కూడా మూడు నాలుగు రోజులు నీళ్లు పోయొద్దు. పాలు కళ్లకు, చర్మానికి తగలనీయకండి.

మునగకు ఈ డబ్బాల బాధే లేదు, చేతి మణికట్టు మందం కొమ్మ, మీటరు పొడుగు, నేరుగా నేలలో. మీది రేగడి అయితే గుంత కొంచెం పెద్దగా తీసి ఇసుక నింపి నాటండి. మనీప్లాంట్‌కు సీసాలో నీళ్లు చాలు. ఇక కరివేపాకు కొమ్మతో కుస్తీ పట్టకండి, చెట్టు చుట్టూ పిలకలు వస్తాయి, వేరుతో సహా తవ్వుకోండి.

ఐదో పని: నాటే ముందు పరీక్ష

కలిపిన మిశ్రమం తడిపి పిడికెడు తీసుకుని గట్టిగా పిండండి. వేళ్ల సందుల్లోంచి ఒకటి రెండు చుక్కలు వస్తే సరిగ్గా ఉంది. ధార కడితే కోకోపీట్ ఎక్కువైంది లేదా నీళ్లు ఎక్కువయ్యాయి. పిడికిలి విప్పాక వేలితో తాకగానే విడిపోవాలి, అట్లనే లడ్డులా నిలబడితే అందులో బురద ఉన్నట్టే, మళ్లీ కడగండి.

తర్వాత చిల్లులున్న గ్లాసులో నింపి పైనుంచి నీళ్లు పోయండి. పోసిన నీళ్లు కొన్ని క్షణాల్లో లోపలికి దిగి, అడుగు నుంచి కారాలి. పైన చెరువులా నిలబడితే ఎంత ఖరీదైన మిశ్రమమైనా సరే వద్దు. ఈ రెండు పరీక్షలకు ఐదు నిమిషాలు పట్టదు, నేను ఆ 40 కొమ్మల ముందు చేసి ఉంటే అక్కడే తెలిసేది.

ఆరో పని: డబ్బా, నింపడం

ఇక్కడ అందరూ చేసే తప్పొకటుంది, నీళ్లు బాగా పోవాలని అడుగున గులకరాళ్లు, పెంకులు వేయడం. దానివల్ల మేలు లేకపోగా నష్టం. నమ్మకపోతే గిన్నెలు తోమే స్పాంజ్‌ను తడిపి అడ్డంగా పట్టుకోండి, నీళ్లు కారడం ఆగాక దాన్ని నిలువుగా తిప్పండి, మళ్లీ నీళ్లు కారతాయి. నీళ్లు కారిపోయాక కూడా ఏ డబ్బాలోనైనా అడుగున కొంత ఎత్తు దాకా తడి నిండి ఉండిపోతుంది. డబ్బా లోతైతే ఆ తడి పొర కొమ్మ అడుగుకు దూరంగా ఉంటుంది, రాళ్లు వేశారంటే ఆ పొర పైకి జరిగి సరిగ్గా కొమ్మ అడుగు దగ్గరికి వస్తుంది. కాబట్టి రాళ్లు మానేసి లోతైన డబ్బా తీసుకోండి. చిన్న పెరుగు కప్పులు, టీ గ్లాసులు చూడ్డానికి ముద్దొస్తాయి గానీ వాటిలో అడుగంతా తడిగానే ఉంటుంది. లీటరు నీళ్ల సీసాను అడుగు నుంచి ఐదారు అంగుళాల దగ్గర కోసి, కాల్చిన మేకుతో అడుగున ఆరేడు చిల్లులు, పక్కల్లో అడుగుకు దగ్గరగా నాలుగు పొడవండి. పాల ప్యాకెట్లు కూడా బాగుంటాయి. ఇసుక చిల్లుల్లోంచి జారుతుందనుకుంటే పాత దోమతెర ముక్క వేస్తే చాలు.

మిశ్రమాన్ని ముందే తడిపి నింపండి. పొడి కోకోపీట్ నింపి పైన నీళ్లు పోస్తే అంచుల వెంట జారిపోతుంది, మధ్యలో పొడిగానే ఉంటుంది. నింపి, డబ్బాను నేలకు రెండుసార్లు తట్టండి, అరచేత్తో అదమకండి, అదిమితే మనం అంత కష్టపడి తెచ్చుకున్న గాలి సందులన్నీ పోతాయి.

ఏడో పని: నాటడం, ఆపైన ఓపిక

కొమ్మను గణుపుకు కొంచెం కిందగా పదునైన బ్లేడుతో కోసి, కింది ఆకులు తీసేసి, పైన రెండు మూడు ఆకులు ఉంచి, పెద్దవైతే సగానికి కత్తిరించండి. కొమ్మతోనే మిశ్రమంలోకి పొడవకండి, కోత నలుగుతుంది, పెన్సిల్‌తో రంధ్రం చేసి అందులో పెట్టి చుట్టూ మెల్లగా సర్దండి. రెండు గణుపులు లోపల ఉండాలి, కొమ్మ అడుగు డబ్బా అడుగును తాకకూడదు, కనీసం రెండు అంగుళాల ఖాళీ ఉండాలి. వేర్లు పుట్టడానికి తోడ్పడే రూటింగ్ హార్మోన్ పొడి గులాబీకి, కాగితం పూలకు నిజంగానే ఉపయోగపడుతుంది, లేత కాడలకు అవసరం లేదు. తేనె, కలబంద, దాల్చినచెక్క గురించి చాలామంది అడుగుతారు, వాటి మీద పెట్టే శ్రద్ధలో సగం ఇసుక కడగడం మీద పెట్టండి.

నాటాక ఒక్కసారి నిండా తడిపి, సీసా పై ముక్కను బోర్లించండి. లోపల ఆవిరి ఉంటుంది కాబట్టి మిశ్రమం కొంచెం పొడిగా ఉన్నా కొమ్మ వాడదు, అంటే నీళ్లు పోయాలన్న దురద తగ్గుతుంది. ఎండలో పెట్టారంటే మాత్రం లోపల ఉడికిపోతుంది, వెలుతురు ఉండే నీడే కావాలి. బోరు నీళ్లు ఉప్పగా ఉండి కుండీలకు తెల్ల చారలు పడే ఇళ్లలో వాన నీళ్లు పట్టుకోండి, లేదంటే నల్లా నీళ్లు. పైన పచ్చటి పాకుడు కనిపిస్తే తడి ఎక్కువైనట్టు, మూత తీసి గాలి ఆడనివ్వండి. ఒక కొమ్మ మొదలు నల్లబడితే దాన్ని వెంటనే తీసేసి, మిగతావాటికి కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే బూజు మందు లీటరు నీటికి 3 గ్రాములు కలిపి కొమ్మల మొదళ్ల దగ్గర పోయండి, అదీ ఒక్కసారే.

రోజూ పీకి చూసే అలవాటు ఉన్నవాళ్లు సీసా వాడితే ఇంకో లాభం, పారదర్శకం కాబట్టి పక్క నుంచి వేర్లు కనిపిస్తాయి. వెలుతురు తగలకుండా చుట్టూ పాత పేపర్ చుట్టి, చూడాలనిపించినప్పుడు విప్పండి. లేత కాడలకు రెండు వారాలు, గులాబీ, మందారానికి నాలుగు నుంచి ఆరు వారాలు, కాగితం పూలకు ఇంకా ఎక్కువే. పీకినప్పుడు కింద తెల్లటి గట్టి బుడిపె మాత్రమే ఉండి వేరు లేకపోతే పాడైనట్టు కాదు, తిరిగి అదే రంధ్రంలో పెట్టేయండి.

వేర్లు అంగుళం, అంగుళంన్నర పొడుగు రాగానే కథ మారుతుంది. మన మిశ్రమంలో తిండి లేదు, ఇప్పుడు దానికి నోరొచ్చింది. వెంటనే మార్చలేకపోతే 19:19:19 అని అమ్మే, నీళ్లలో కరిగే ఎరువు లీటరు నీటికి 1 గ్రాము కలిపి వారానికోసారి పోస్తూ ఉండండి. మార్చేటప్పుడు, నర్సరీ వాళ్ల ఎర్రమట్టి, ఇసుక, ఎరువు మిశ్రమం ఉంది చూశారా, అది ఇప్పుడు కలపండి. వేర్లకు అంటిన ఇసుకను దులపొద్దు, సీసాను కత్తిరించి ముద్దతో సహా దింపండి, వారం రోజులు నీడలోనే ఉంచండి. ఖాళీ అయిన ఇసుకను పారబోయకుండా బస్తాలో కట్టి పక్కన పెట్టుకోండి, కోకోపీట్ మొక్కల కుండీల్లో కలిపేయండి, ఇసుకను మాత్రం వచ్చే మే నెలలో మళ్లీ కడిగి, కవరు చుట్టి, డాబా మీద ఎండకు పెడితే మృగశిర నాటికి సిద్ధంగా ఉంటుంది.